సగం నిన్నటి వాన

మ్బాంగో రేవు,
అక్టోబరు 4.

ప్రియమైన లుసుబీలో అమ్మగారికి,

నా దస్తూరీ బాగుండదు. తప్పులు కూడా పడతాయి. మన్నించాలి. మిషన్ బడిలో ఐదో తరగతితో ఆపేశాను. ఆ తర్వాత ఈ చేత్తో రాసిందంతా అంకెలే. ముప్పై ఒక్క ఏళ్ళుగా నదిలో కొలబద్ద చూసి పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె రాస్తున్నాను. మాటలు రాసే అలవాటు లేదు.

ఏదైనా ఉంటే ఫోను చెయ్యమన్నారు. ఫోనులో నాకు నోరు పెగలదు. అందుకని ఉత్తరం రాసి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

మీరు నేర్పి వెళ్ళినట్టే చేస్తున్నాను. ఆరింటికి కంప్యూటరు పెడతాను. లైను కలిశాక, దింపుకునే ప్రోగ్రాము తెరుస్తాను. సముద్రాల అవతలి పెద్ద కంప్యూటరులోంచి 'నేటి వాన' ఫైలు దిగడం మొదలవుతుంది. పది శాతం, పదిహేను శాతం. లైను తెగుతుంది. మళ్ళీ కలిశాక 'కొనసాగించు' నొక్కుతాను. ఆగిన చోటినుంచి దిగుతుంది. నూరు శాతం అయ్యాక సైజు చూస్తాను. మీరు గోడకు అంటించిన కాగితంలోని అంకె, తెర మీది అంకె ఒకటే అయితే బొమ్మ తెరుస్తాను. కొండల మీద ఎరుపు కనిపిస్తే ఎర్ర జెండా. పసుపైతే పసుపు. ఏమీ లేకపోతే తెల్ల జెండా. న్యాండే లంకలో ఉన్నవాళ్ళు ఆ జెండా చూసుకుని అక్కడే ఉండాలో, పిల్లాపాపలతో గట్టుకు రావాలో తేల్చుకుంటారు.

పడవ నడిపే లైసన్ మొదటిరోజే అడిగాడు. "ఏం తాతా, పైనించి వానని గొట్టంలో దింపుతున్నావంట గదా? మా మొక్కజొన్నకి కూడా రెండు బిందెలు దింపరాదూ?" మాటకు మాట నాకు చాతకాదు.

మీ కాగితంలో నాలుగో సూచన ఉంది. 'లైను తెగితే ఎల్లప్పుడూ "కొనసాగించు" మాత్రమే నొక్కాలి. "మొదటినుంచి" ఎన్నడూ నొక్కరాదు.' అర్థమైంది. మా లైనుకు మొదటినుంచి అంటే ఆ ఫైలు ఏనాటికీ దిగదు. ఒక్కటి మాత్రం అడగాలని ఉంది. లైను తెగినప్పుడు అక్కడ ఆ ఫైలు మన కోసం ఆగి ఉంటుందా? లేకపోతే అది వెళ్ళిపోయి దాని చోట ఇంకొకటి వస్తుందా? పేరు చూస్తే రోజూ అదే పేరు. తెలివితక్కువ ప్రశ్న అయితే వదిలెయ్యండి.

ఇట్లు,
మీ బిన్‌వెల్ సంబానీ.


అక్టోబరు 17.

ప్రియమైన తాతగారికి,

మీ ఉత్తరం చూసి ఎంత సంతోషమైందో. దస్తూరీ గురించి బెంగ వద్దు, మా డైరెక్టరుగారి సంతకం కంటే వెయ్యి రెట్లు నయం.

టీ తాగేటప్పుడు మీ ప్రశ్న అందరికీ చదివి వినిపించాను. నవ్వలేక చచ్చాం. మా చికోండీ అయితే, "ఫైలంటే మినీబస్సనుకున్నాడా ముసలాయన, నిండగానే కదిలిపోవడానికి?" అన్నాడు. అప్పటినుంచీ ఆఫీసులో ఎవరికి ఏ కాగితం దొరక్కపోయినా "మినీబస్సెక్కి పోయుంటుంది, మ్బాంగో రేవులో అడుగు" అంటున్నారు. మీరు మాకందరికీ తెలిసిన మనిషైపోయారు తాతగారూ! కోపం తెచ్చుకోకండి, ప్రేమతో అన్న మాటే.

ఫైలు ఎక్కడికీ పోదు. నేనిక్కడ కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో నలభై సార్లు లైను తెంపాను, నలభై సార్లు కలిపాను. ఒక్క అక్షరం తేడా రాలేదు. సైజు సరిపోయిందంటే ఫైలు సరిగ్గా ఉన్నట్టే. నాలుగో సూచన నా సొంతం, దానికోసం మూడు వారాలు కుస్తీ పట్టాను. వచ్చే నెల నైరోబీ సభలో మన పన్నెండు రేవుల గురించి చెప్పబోతున్నాను. మీ ఫోటో కూడా చూపిస్తాను, జెండా తాడు పట్టుకుని నిలబడ్డది.

ఫలేసి అవ్వకు నా నమస్కారాలు. ఆవిడ పెట్టిన గుమ్మడాకు కూర ఇంకా నాలుక మీదే ఉంది.

మీ మనవరాలు,
లుసుబీలో.


మ్బాంగో రేవు,
డిసెంబరు 20.

ప్రియమైన అమ్మగారికి,

ఉత్తరం అందింది. మీ సభ బాగా జరిగిందని రేడియోలో చెప్పారంట, లైసన్ విన్నాడు. సంతోషం.

వానలు మొదలయ్యాయి. ఈ నెలలో ఏడు సార్లు పసుపు, ఒకసారి ఎరుపు ఎగరేశాను. ఎర్ర జెండా నాడు లంక మొత్తం సాయంత్రానికల్లా గట్టుకు వచ్చేసింది. మర్నాడు నీళ్ళు వచ్చాయి, మేకలు కూడా పోలేదు. అప్పటినుంచి జెండా మాట అందరికీ గురి.

లంకలో ఉండే మా ఆవిడ చెల్లెలు ఎనీఫా ప్రతి ఏడూ డిసెంబరులో పిల్లలతో మా ఇంటికి వచ్చేసేది. ఈసారి రానంది. "నీ జెండా ఉంది గదా బావా, ఇంక మీ ఇంటికొచ్చి మా అక్కతో పోరు నాకెందుకు? ఈ ఏడు మొక్కజొన్న నిలబెట్టుకుంటా" అంది. ఫలేసి కూడా నలుగురిలో "మా ఆయన జెండా" అంటోంది. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. నాదంటూ ఆవిడ చెప్పుకున్నది ఇదొక్కటే.

ఇంక అడగాల్సిందేమీ లేదు.

ఇట్లు,
బిన్‌వెల్ సంబానీ.


మ్బాంగో రేవు,
జనవరి 18.

అమ్మగారికి,

లంక మీదికి నీళ్ళు వచ్చాయి. పదమూడో తేదీ, మిట్టమధ్యాహ్నం. తెల్ల జెండా ఎగురుతోంది.

పదిహేడు మంది. ఎనీఫా, ఆమె ఇద్దరు పిల్లలు అందులో ఉన్నారు. పెద్దది లీఫా ఇంకా దొరకలేదు.

తెల్ల జెండా కదా అని ఆ పొద్దున మొక్కజొన్న గింజలు చాప మీద ఆరబోసుకున్నారంట. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక కూడా కొందరు జెండా వైపు చూసి ఆగారని లైసన్ చెప్పాడు. ఒకామె తన చంటిదాన్ని పడవలోకి ఎక్కించి, "తెల్లదే ఉంది గదా, చాప చుట్టుకుని వస్తా" అని వెనక్కి వెళ్ళిందంట.

పన్నెండో తేదీన ఫైలు దిగుతుండగా లైను తెగింది. మళ్ళీ ఆ రోజంతా కలవలేదు. పదమూడు పొద్దున కలిసింది. కొనసాగించు నొక్కాను. నూరు శాతం అయ్యింది. సైజు చూశాను. రెండు సార్లు చూశాను. సరిపోయింది. కొండల మీద ఏమీ లేదు.

ఎలా జరిగిందో చెప్పండి. ఇంట్లో అడుగుతున్నారు.

బిన్‌వెల్ సంబానీ.


జనవరి 29.

ప్రియమైన తాతగారికి,

ఏం రాయాలో తెలియడం లేదు. ఫలేసి అవ్వే కళ్ళముందు కదులుతున్నారు.

విచారణ సంఘం వేశారు. అది తేలేదాకా పన్నెండు రేవుల్లోనూ జెండాలు దింపేయమన్నారు. పత్రికల వాళ్ళు వస్తే ఏమీ మాట్లాడకండి. నాకు మాత్రం అన్నీ రాయండి, ఏదీ దాచకుండా. పదమూడు పొద్దున ఎన్నింటికి వచ్చారు? ఒంట్లో బాగుందా? వేరే ఫైలు ఏదైనా తెరిచారేమో? వయసు మీద పడింది, ఎవరికైనా జరగొచ్చు. మీరు ఏం రాసినా నేను మీ పక్కనే ఉంటాను.

మీ
లుసుబీలో.


మ్బాంగో రేవు,
ఫిబ్రవరి 24.

ప్రియమైన అమ్మగారికి,

ఆలస్యమైంది. చూసి రాద్దామని ఆగాను. ఇప్పుడు తెలిసింది.

జెండా దింపేసినా ఫైలు మాత్రం రోజూ దింపుతున్నాను, అలవాటు. మొన్న నలభై ఏడు శాతం దగ్గర తెగింది. మర్నాడు కొనసాగించాను. బొమ్మ తెరిస్తే మేఘానికి అడ్డంగా ఒక గీత. కత్తిపీట మీద పెట్టి తరిగినట్టుంది. పైన మేఘం ఒక వైపు, కింద మేఘం ఇంకో వైపు. మేఘం అలా తెగదు.

నోటుపుస్తకం తీశాను. జనవరి పన్నెండున తెగింది యాభై ఎనిమిది శాతం దగ్గర. పదమూడో తేదీ బొమ్మ తెరిచి, తెరకు బద్ద ఆనించి కొలిచాను. పై అంచు నుంచి కింది అంచు దాకా నూరు వంతులు అనుకుంటే, గీత యాభై ఎనిమిదో వంతు మీద ఉంది.

ఆ ఫైలు ఆగి ఉండటం లేదమ్మా. ప్రతి తెల్లవారుజామున అక్కడ పాతది తీసేసి, అదే పేరుతో కొత్తది పెడుతున్నారు. మన దగ్గర నిన్నటి ముక్క మిగిలి ఉంటుంది. కొనసాగించు నొక్కితే ప్రోగ్రాము పేరు చూసి అదే అనుకుని, మిగతా ముక్క ఇవాళ్టి దాంట్లోంచి తెచ్చి అతికిస్తోంది. నిన్నటి చొక్కా పై సగానికి ఇవాళ్టి చొక్కా కింది సగం కుట్టినట్టు. వాన పడినా పడకపోయినా బొమ్మలో గళ్ళు ఎప్పుడూ అన్నే కాబట్టి సైజు రోజూ ఒకటే. అది సరిపోకుండా ఎలా ఉంటుంది?

కొండలు బొమ్మలో పై సగంలో ఉంటాయి. ఆ పొద్దున నేను చూసింది నిన్నటి కొండల్ని.

మీరు ఒక్క రోజులో నలభై సార్లు తెంపి చూశారు. రోజు మారనిచ్చి చూడలేదు.

ఏ రోజు ఫైలుకు ఆ రోజే ఒక నకలు తీసి వాళ్ళు తేదీ పేరుతో వేరే అరలో కూడా పెడతారు. అవి మారవు. జనవరి పదమూడు ఫైలును ఆ అరలోంచి మూడు రోజులు కష్టపడి, ముక్క ముక్కగా దింపాను. సైజు అదే అంకె. తెరిచాను. కొండల నిండా ఎరుపు. చూస్తుండగా ఫలేసి గుమ్మంలోకి వచ్చింది. "ఏంటది, అంత ఎర్రగా?" అంది. తెర ఆపేశాను.

ఇంకొకటి చెప్పాలి. ఆ గీత పదమూడు పొద్దునే నాకు కనబడింది. ఇదేమిటా అనుకున్నాను. ఫోను దగ్గరికి కూడా వెళ్ళాను. మళ్ళీ నవ్వుతారేమోనని వెనక్కి వచ్చేశాను. అది నా తప్పు. మీది కాదు.

మిగతా పదకొండు రేవుల్లోనూ గోడ మీద ఇదే కాగితం ఉంది. ఇలా మారిస్తే చాలు. 'తేదీ మారితే మిగిలిన ముక్కను చెరిపేసి, తేదీ పేరున్న ఫైలునే దింపుకోవాలి. ఆ ఫైలుకు మాత్రమే కొనసాగించు నొక్కాలి.' వచ్చే నవంబరు వానల్లోపు మారితే చాలు. ఇంకేమీ అడగను.

బిన్‌వెల్ సంబానీ.


మార్చి 13.

ప్రియమైన తాతగారికి,

ఈ ఉత్తరం చదివాక చించేయండి.

మీరు రాసినట్టే చేసి చూశాను. ఒక రోజు సగం, మర్నాడు సగం. గీత కనబడింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నేను చెప్పేది మనసు పెట్టి వినండి. సంఘం అడిగే ప్రశ్న ఒక్కటే. తప్పు కాగితానిదా, మనిషిదా? కాగితానిదని తేలితే డబ్బిచ్చే విదేశాల వాళ్ళు ఆ రోజే చేతులు దులుపుకుంటారు. పన్నెండు రేవులూ మూతపడతాయి. అప్పుడు ఏ లంకకూ ఏ జెండా ఉండదు. మనిషిదైతే ఆ ఒక్క మనిషిని తీసేసి మిగతా పదకొండూ నడుపుతారు.

నా సంగతి పక్కన పెట్టండి. నాకు ముప్పై ఏళ్ళు కూడా లేవు, ఇంటికి పెద్దదాన్ని, నా పేరు మీదున్న ఏకైక పని అదే, అయినా పక్కన పెట్టండి. మీకు అరవై మూడు. ఎలాగూ వచ్చే ఏడు దిగిపోయేవారు. గీత చూసి కూడా ఊరుకున్నానని మీరే రాశారు. కాబట్టి మీరు చెప్పబోయేది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

మీరు తప్పు మీద వేసుకోండి. ఏ కారణమైనా చెప్పండి, నిద్రపోయానో, ఒంట్లో బాగాలేదో. గొడవ సద్దుమణిగాక చడీచప్పుడు లేకుండా నాలుగో సూచన మార్చేస్తాను. మా అమ్మ మీద ఒట్టు.

మీరు మంచివారు తాతగారూ. అందుకే అడుగుతున్నాను. చెడ్డవాణ్ణి అడగలేను కదా.

మీ మనవరాలు,
లుసుబీలో.


మ్బాంగో రేవు,
ఏప్రిల్ 27.

ప్రియమైన అమ్మగారికి,

మీరు చెప్పిన పని అయిపోయింది.

సంఘం వాళ్ళు ముగ్గురు కారులో వచ్చారు. బడి వరండాలో బల్ల వేశారు. లంకలో మిగిలిన వాళ్ళంతా వచ్చి ఎండలో కూర్చున్నారు. పెద్దాయన అడిగాడు.

"ఆ పొద్దున ఫైలు చూశావా?"

"చూశానయ్యా."

"సరిగ్గా చూశావా?"

"లేదు."

"ఎందుకని?"

నిద్రపోయానని చెబుదామనుకునే వెళ్ళాను. కానీ ఆరింటికి నన్ను కొలబద్ద దగ్గర చూసిన వాళ్ళు పదిమంది ఎదురుగా ఉన్నారు. ఇంకేమీ తోచలేదు. "తాగి ఉన్నాను" అన్నాను.

లైసన్ లేచాడు. "ఏం తాగావు తాతా?"

"కచాసు."

"ఎవరింట్లో?"

"గుర్తులేదు."

"ఈ రేవులో సారా కాచేది ఇద్దరే ఆడాళ్ళు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. ఏవమ్మా నామోనీ, ఈయన ఎప్పుడన్నా నీ గుమ్మం తొక్కాడా?"

"ఈయనా? నా గుమ్మం ముందునించి పోతే మొహం అటు తిప్పుకుని పోయే మనిషి. తాగేదెక్కడ!" అంది నామోనీ.

నాకు భయమేసింది. ఎక్కడ నమ్మకుండా పోతారో అని. "పొరుగూరునుంచి తెప్పించుకున్నాను" అన్నాను. సంఘం పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "అదంతా మనకి అనవసరం. ఒప్పుకున్నాడు గదా, రాసుకోండి" అన్నాడు. రాసుకున్నారు. వేలిముద్ర వెయ్యమన్నారు. సంతకం వచ్చునని చెప్పాను.

అప్పుడు నమ్మారు. లంకలోంచి చంటిదాన్ని ఎక్కించి చాప కోసం వెనక్కి వెళ్ళినామె మొగుడు వచ్చి నా మొహం మీద ఉమ్మేశాడు. తుడుచుకోలేదు. పెద్దవాళ్ళెవరూ ఆపలేదు. ఆపాల్సిన పని కాదు కూడా.

ఇంటికి వచ్చాక ఫలేసి నీళ్ళిచ్చింది. నేను తాగేదాకా ఆగి అడిగింది.

"ముప్పై ఎనిమిదేళ్ళు నీ పక్కన పడుకున్నా. నీ నోట ఒక్కనాడు ఆ వాసన రాలేదు. ఎవరి కోసం చెప్పావా మాట?"

ఖాళీ చెంబు కింద పెట్టాను.

"ఆ పట్నం పిల్ల కోసమేనా? ఉత్తరాలు రాస్తోందే, దాని కోసమేనా?"

పలకలేదు.

"మా చెల్లెలు పోయింది. దాని పిల్లలు పోయారు. లీఫాని పూడ్చడానికి ఒక ఎముకైనా దొరకలేదు. ఎందుకు పోయారని నన్ను నేను రోజూ అడుక్కుంటున్నా. నీకు తెలుసు. తెలిసి, నా ముందు కూర్చుని, అంతమందిలో అబద్ధం చెప్పావు. నువ్వు నిజంగా తాగి ఉంటే క్షమించేదాన్నయ్యా."

సాయంత్రం బస్సుకి తమ్ముడింటికి వెళ్ళిపోయింది. ఆపడానికి నా దగ్గర మాట లేదు. ఉన్న మాట మీకిచ్చేశాను.

ఉద్యోగం తీసేశారు. తాళాలు అప్పజెప్పాను. మ్బాంగో రేవులో ఇంక జెండా ఉండదంట, కంప్యూటరు కూడా పట్టుకుపోయారు. ఫరవాలేదు. మిగతా పదకొండూ ఉన్నాయి గదా.

ఇప్పుడు నాలుగో సూచన మార్చండి. మార్చాక ఒక్క ముక్క రాయండి.

బిన్‌వెల్ సంబానీ.


మ్బాంగో రేవు,
జూన్ 30.

ప్రియమైన అమ్మగారికి,

మీ ఉత్తరం కోసం రోజూ బస్సు దగ్గరికి వెళ్తున్నాను. కండక్టరు దూరంనుంచే తల అడ్డంగా ఊపుతున్నాడు. నా ఉత్తరం అందలేదేమోనని మళ్ళీ రాస్తున్నాను. నాలుగో సూచన మార్చారా?

బిన్‌వెల్ సంబానీ.


సెప్టెంబరు 15.

శ్రీ బిన్‌వెల్ సంబానీ గారికి,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు ఇవ్వలేకపోయినందుకు చింతిస్తున్నాను.

నేను అడగలేదని అనుకోవద్దు. జూలైలో జరిగిన సమావేశంలో అడిగాను. నాలుగో సూచన మారిస్తే మంచిదని అన్నాను. "ఎందుకు?" అన్నారు. "ఆ మనిషి తాగి ఉన్నానని ఒప్పుకున్నాడు. కాగితంలో లోపం లేదని సంఘం రాసింది. లోపం లేనిదాన్ని ఇప్పుడు మారిస్తే, ఉందని మనమే చెప్పినట్టు కాదా?" అన్నారు. చెప్పడానికి నా దగ్గర కారణం లేకపోయింది. ఉన్న ఒక్క కారణాన్ని మీ వాంగ్మూలం తీసేసింది. ఇంత గట్టిగా చెబుతారని నేను అనుకోలేదు.

అక్టోబరునుంచి పదకొండు రేవుల్లోనూ జెండాలు మళ్ళీ ఎగురుతాయి. కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించి కొత్తవి పంపాం. సూచనలు పాతవే. లైను అలా ఒక రోజంతా తెగి ఉండటం అరుదు. అది గుర్తుంచుకుని మనసు కుదుటపరుచుకోండి.

నాకు విదేశంలో ఉద్యోగం వచ్చింది. డిసెంబరు ఒకటిన వెళ్తున్నాను. ఇకమీదట ఈ విషయమై ఆఫీసు చిరునామాకు రాయవద్దని మనవి.

భవదీయురాలు,
లుసుబీలో మ్వెనిఫుంబో.


కలోంగా లంక,
నవంబరు 23.

ప్రియమైన అమ్మగారికి,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. మీరు వెళ్ళడానికి ఇంకా వారం ఉంది.

మీ ఉత్తరం వచ్చాక, నేనే వెళ్ళి ఒక్కొక్క రేవులో చెబుదామని బయలుదేరాను. నాలుగు రేవులు తిరిగాను. రెండు చోట్ల గుమ్మం దగ్గరే ఆపేశారు. ఒకచోట కుర్చీ వేశారు, మాట వినలేదు. చితూంబీ రేవు నాలుగోది. అక్కడ గాడ్సన్ మలుంగా అని నలభై ఏళ్ళ మనిషి చూస్తున్నాడు. మంచివాడే. మొన్న వెళ్ళినప్పుడు నన్ను చూడగానే, "ఓహో, కచాసు తాత! రా, రా. మా దగ్గర టీ ఒక్కటే దొరుకుతుంది మరి" అన్నాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు.

నిన్న పొద్దున అరవై ఆరు శాతం దగ్గర లైను తెగింది. రోజంతా కలవలేదు. ఇవాళ ఆరింటికి కలిసింది. నేను పక్కనే ఉన్నాను.

"అది నొక్కకు బాబూ. అది నిన్నటి ముక్క" అన్నాను.

ప్లాస్టిక్ తొడుగు మీద వేలు పెట్టి చూపించాడు. "నాలుగోది. 'ఎల్లప్పుడూ' అని రాసి ఉంది. చదవడం వచ్చా తాతా?"

"అది తప్పు."

"నువ్వే చెప్పావు గదా తాగి ఉన్నానని. ఇప్పుడు కాగితం తాగిందంటావా?"

"నేను తాగలేదు. అబద్ధం చెప్పాను."

"తాగినోళ్ళు చెప్పేది కూడా అదే" అని నొక్కేశాడు. నూరు శాతం అయ్యింది. సైజు సరిపోయింది. బొమ్మ తెరిచాడు. గీత ఉంది. చూపించాను. "ఈ తెర పాతది, అట్లా గీతలు పడుతుంటాయి" అన్నాడు. గీతకు పైన కొండలు తెల్లగా ఉన్నాయి. అవి నిన్నటి కొండలు. ఇవాళ్టి కొండల మీద ఏముందో తెలియదు. ఏమీ లేకపోవచ్చు కూడా.

తెల్ల జెండా ఎగరేశాడు. దింపుదామని తాడు నేను పట్టుకున్నాను. నా చేతులు విడిపించి, పక్కన కూర్చోబెట్టి, "వద్దు తాతా, నా ఉద్యోగం తీయించకు" అన్నాడు.

అందుకని పడవెక్కి ఈ లంకలోకి వచ్చాను. ఇక్కడ నలభై రెండు ఇళ్ళు. ఒక్కో ఇంటి ముందూ నిలబడి గట్టుకు రమ్మని చెబుతున్నాను. నేను ఎవరో వాళ్ళకి తెలుసు. ఒకతను, "పదిహేడు మందిని చంపింది చాలక ఇక్కడికి తగలడ్డావా?" అని మట్టిగడ్డ విసిరాడు. చెవి దగ్గర తగిలింది, పెద్ద దెబ్బ కాదు. ఒక ముసలామె మాత్రం తన వాకిట్లో కూర్చోమంది. న్సీమా ముద్ద, ఎండు చేప పెట్టింది. "జెండా తెల్లగా ఉంది గదా నాయనా, నీకెందుకింత ఆరాటం? కాస్త తిను" అంది. ఆవిడ మొక్కజొన్న ఆరబోసుకుంటోంది. వాన మబ్బు లేదని సంతోషంగా ఉంది.

ఇవాళ్టి తేదీ పేరున్న ఫైలును మీరు ఒక్కసారి తెరిచి చూడండి. మీ లైను మంచిది, నిమిషాల్లో దిగుతుంది. ఎరుపు ఉంటే గాడ్సన్‌కు ఫోను చెయ్యండి. మీ మాట వింటాడు. కాగితం మీద మీ పేరే ఉంది.

నేను తాగి ఉన్నానని చెప్పింది అబద్ధమని ఇందులో రాసి సంతకం చేస్తున్నాను. ఇది ఎవరికి చూపించినా సరే. మీరు చూపించకపోయినా మిమ్మల్ని ఏమీ అనను. ఫలేసికి కూడా విడిగా ఒక ముక్క రాశాను.

పది గంటలయ్యింది. పడవవాడు వెళ్ళిపోతూ పిలుస్తున్నాడు. చోటుంది, రమ్మంటున్నాడు. నేను ఎక్కితే ఇక్కడ చెప్పేవాడు ఉండడు. ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలాయి. ఉత్తరం మాత్రం వాడి చేతికిస్తున్నాను.

పడవ మళ్ళీ శుక్రవారం వస్తుంది. ఈ లంక చిరునామాకే, త్వరగా జవాబు రాయండి.

ఇట్లు,
బిన్‌వెల్ సంబానీ.